బొమ్మ ఒకటి చెప్పాలి, మాట మరొకటి చెప్పాలి

కాగితం మీద పాట వినిపించదు. రాక్ సంగీతం మీద కామిక్ స్ట్రిప్ గీద్దామని కూర్చున్నవాళ్లకి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. రాక్ అంటేనే మోత. గిటార్ తీగలు అరవాలి, డ్రమ్స్ దెబ్బకి గుండెలు అదరాలి, పక్కవాడి మాట మన చెవిన పడకూడదు. అంత మోతనీ నాలుగు గళ్లలో, చడీచప్పుడూ లేకుండా చూపించాలి. పైగా నవ్వించాలి.

అయినా అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ రాక్‌ని పట్టుకుని కడుపుబ్బ నవ్వించిన స్ట్రిప్‌లు చాలానే వచ్చాయి. వాటిని గీసినవాళ్లు ఈ చిక్కులోంచే నవ్వు తీశారు. ఎలా తీశారో ఈ అధ్యాయంలో దగ్గరగా చూద్దాం, చూశాక మనమూ ఒకటి గీద్దాం. గీత రాదని వెనక్కి తగ్గకండి. క్లాసులో పాఠం చెప్పేవాళ్లకి, ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్లకి, స్నేహితుడి పెళ్లిలో మైకు అందుకునేవాళ్లకి కూడా ఈ పనితనం అక్కరకొస్తుంది. వాళ్లందరూ బొమ్మనీ మాటనీ కలిపి ఎదుటి మనిషికి ఏదో ఒకటి అందించాలని చూసేవాళ్లే.

ముందు మూలసూత్రం చెప్పేస్తాను. మంచి స్ట్రిప్‌లో బొమ్మ చేసే పని వేరు, మాట చేసే పని వేరు. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే మాట మళ్లీ చెబితే పాఠకుడికి చేయడానికి ఏమీ మిగలదు. బొమ్మ ఒకటి చెప్పి, మాట దానికి పొసగనిది ఇంకోటి చెబితే, ఆ రెంటి మధ్య ఖాళీని పాఠకుడు తనే పూరించుకుంటాడు. నవ్వు పుట్టేది ఆ ఖాళీలోనే. తను కనిపెట్టాడు కాబట్టి ఆ నవ్వు తనదే అనిపిస్తుంది, రెండ్రోజులు గుర్తుంటుంది, నలుగురికి చెప్పుకుంటాడు.

ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ బెర్క్లీ బ్రెతెడ్ గీసిన ‘బ్లూమ్ కౌంటీ’. 1980 నుంచి 1989 దాకా అమెరికా దినపత్రికల్లో వచ్చింది. 1987లో సంపాదకీయ కార్టూన్ల విభాగంలో పులిట్జర్ బహుమతి కూడా తెచ్చుకుంది. అందులో స్టీవ్ డాలస్ అనే లాయరు ఒకడుంటాడు, తన గురించి తనకి చాలా గొప్ప అభిప్రాయం. ఆ పెద్దమనిషి డబ్బు చేసుకుందామని ఒక హెవీ మెటల్ బ్యాండు పెట్టిస్తాడు. పేరు ‘డెత్‌టంగ్’. చావు నాలుక అన్నమాట. పేరు వింటే ఒళ్లు జలదరించాలి. తీరా బొమ్మలో ఎవరున్నారు? ఓపస్ అనే లావుపాటి ముక్కు పెంగ్విన్ ట్యూబా ఊదుతూ ఉంటుంది. హాడ్జ్‌పాడ్జ్ అనే కుందేలు డ్రమ్స్ దగ్గర కూర్చుంటుంది. నాలుకతో మోత మోగించేది బిల్ అనే పిల్లి. చెదిరిన బొచ్చు, చెరో దిక్కు చూసే కళ్లు, బయటికి వేలాడే నాలుక.

బిల్‌ని కాస్త నిదానంగా చూడండి. గార్‌ఫీల్డ్ లాంటి ముద్దొచ్చే పిల్లి బొమ్మలు అప్పట్లో కప్పుల మీదా చొక్కాల మీదా తెగ అమ్ముడుపోయేవి. వాటిని ఎగతాళి చేయడానికే బ్రెతెడ్ ఎవరికీ ముద్దురాని పిల్లిని గీశాడు. దాని నోట్లోంచి సాధారణంగా వచ్చేది కక్కుతున్నట్టుండే ఒకట్రెండు శబ్దాలే. ఒక్క ముక్క సరిగ్గా పలకలేని పిల్లి రాక్ స్టార్ అయింది, జనం వెర్రెత్తిపోయారు. బ్రెతెడ్ ఎక్కడా మెటల్ పాటల్లో మాటలు అర్థం కావని విమర్శ రాయలేదు. బొమ్మలో పిల్లిని నిలబెట్టి ఊరుకున్నాడు, విమర్శ మనం చేసుకున్నాం. చేయి తిరిగినవాళ్ల పద్ధతి ఇదే.

అసలు తమాషా డెత్‌టంగ్ అనే పేరు రాసిన తీరులో ఉంది. ఇంగ్లీషులో ఆ పేరులోని ఒక అచ్చు అక్షరం నెత్తిన రెండు చుక్కలు పెట్టాడు. జర్మన్ రాతలో ఆ చుక్కలు ఉచ్చారణను మార్చేస్తాయి. రాక్ బ్యాండ్లకి ఉచ్చారణతో పనిలేదు, చూడ్డానికి బిగువుగా, కర్కశంగా ఉంటే చాలు. 1970లలో బ్లూ ఆయిస్టర్ కల్ట్, మోటర్‌హెడ్, ఆ తరవాత మాట్లీ క్రూ అలాగే పేర్ల నెత్తిన చుక్కలు పెట్టుకున్నాయి. 1984లో రాబ్ రైనర్ తీసిన ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’ అనే సినిమా ఇంకో మెట్టు ఎక్కి, అందులోని కల్పిత బ్యాండు పేరులో ఆ చుక్కల్ని హల్లు మీద పెట్టేసింది. హల్లు మీద పెడితే నోటితో పలకడానికి దారే లేదు. ఆ హాస్యం చెవికి అందదు, కంటికే అందుతుంది. రాసిన పేరే బొమ్మయిపోయింది.

స్పైనల్ ట్యాప్‌లోనే ఇంకో సంఘటన చెప్పాలి. స్ట్రిప్ గీసేవాళ్లకి అది పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గది. స్టేజి మీదికి స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి కట్టడం నమూనా ఒకటి దింపాలని బ్యాండు అనుకుంటుంది. గిటారిస్టు పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మ గీసి ఎత్తు రాసిస్తాడు. 18 అడుగులు అనుకుని, అంకె పక్కన అంగుళాల గుర్తు పెడతాడు. చేసేవాళ్లు రాసినట్టే చేస్తారు. కచేరీ నాడు పొగలు కమ్ముకుంటాయి, గాయకులు గంభీరంగా పాడుతుంటారు, పైనుంచి మోకాలెత్తు రాళ్లు దిగుతాయి. ఒక్క గీటు తేడా. మాటలో కొండంత, బొమ్మలో మోకాలంత. అంతలోనూ గాయకులు పాట ఆపరు, అందుకే ఆ ఘట్టం అంత పండింది. తను నవ్వులపాలయ్యానని పాత్రకి తెలియకూడదు. తెలిసిందని ముఖంలో చూపించారా, పాఠకుడి పని పాత్రే చేసేసినట్టు.

డెత్‌టంగ్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1985లో అమెరికా సెనేట్‌లో రాక్ పాటల్లోని అసభ్యత మీద విచారణ జరిగింది. టిప్పర్ గోర్ వంటి రాజకీయ నాయకుల భార్యలు పెట్టిన సంఘం ఒత్తిడి తెస్తే, సంగీతకారులు ఫ్రాంక్ జాపా, డీ స్నైడర్, జాన్ డెన్వర్ వెళ్లి వాంగ్మూలం ఇచ్చారు. దేశమంతా దానిమీదే చర్చ. ఆ గొడవని బ్రెతెడ్ స్ట్రిప్‌లోకి లాక్కొచ్చాడు. పెద్దల ఆగ్రహానికి జడిసి డెత్‌టంగ్ పేరు మార్చుకుని ‘బిల్లీ అండ్ ద బోయింగర్స్’ అవుతుంది. చావు పేరు పోయి, చంటిపిల్లల టీవీ కార్యక్రమానికి పెట్టుకునే పేరు వచ్చింది. పిల్లి మాత్రం అదే పిల్లి, నాలుక అదే నాలుక. బొమ్మ కదల్లేదు, మాట ఒక్కటే మారింది. పేరు మార్చితే సరుకు మారుతుందా అన్న ప్రశ్న పాఠకుడి మనసులో దానంతటదే లేచింది. 1987లో వచ్చిన సంకలనానికి ఆ బ్యాండు పేరే పెట్టి, రెండు పాటలున్న పల్చటి ప్లాస్టిక్ రికార్డు కూడా జతచేశారు. కాగితం మీది బ్యాండు పాట చివరికి జనం చెవిన పడింది.

మోతని బొమ్మలో ఎలా చూపించాలన్నది వేరే విద్య. అక్షరాలు లావు చేయడం, బెలూన్ అంచుల్ని రంపపు పళ్లలా గీయడం, అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి దూసుకుపోవడం అందరికీ తెలిసినవే. ఇలాంటి గుర్తులకి కార్టూనిస్టు మార్ట్ వాకర్ 1980లో ఒక పుస్తకం రాసి సరదా పేర్లు కూడా పెట్టాడు. బూతులకి బదులు వేసే చుక్కా గీతా మెలికల గుంపుని ‘గ్రాలిక్స్’ అన్నాడు. ఇవన్నీ నేర్చుకోండి, కానీ వీటితోనే సరిపెట్టుకోకండి. మోత ఎంతో చెప్పాలంటే దాని దెబ్బ తగిలిన వస్తువుని గీయడం మేలు. కిటికీ అద్దంలో పగులు, బల్ల మీద టీ కప్పులో అలలు, గోడ మీద తాతగారి ఫోటో పక్కకి ఒరగడం. ఆంప్లిఫయర్‌ని గీయకపోయినా పాఠకుడికి మోత వినిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఉంది. చార్లెస్ షుల్జ్ ‘పీనట్స్’లో స్నూపీ అనే కుక్క వెంట ఒక చిన్న పసుపుపచ్చ పిట్ట తిరుగుతుంటుంది. చాలాకాలం దానికి పేరు లేదు. 1970 జూన్‌లో షుల్జ్ దానికి వుడ్‌స్టాక్ అని పేరు పెట్టాడు. అంతకుముందు ఏడాది ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడిరైతు పొలంలో, సుమారు 4 లక్షల మంది పోగైన రాక్ ఉత్సవం పేరది. లోకంలోకెల్లా పెద్ద మోత పేరు, స్ట్రిప్‌లోకెల్లా చిన్న ప్రాణికి వచ్చింది. పైగా ఆ పిట్ట మాట్లాడే బెలూన్‌లో ఒక్క అక్షరం ఉండదు, చిన్న చిన్న నిలువు గీతలుంటాయి, అంతే. స్నూపీకి అవి అర్థమవుతాయి. స్నూపీ ఇచ్చే జవాబుని బట్టి పిట్ట ఏమందో మనం ఊహించుకుంటాం. మాట లేకుండా మాటల హాస్యం పండించడమంటే ఇదీ. గీతలు ఎన్నున్నాయి, ఎంత బారున ఉన్నాయి అన్నదాన్ని బట్టి కోపమో బతిమాలడమో తెలిసిపోతుంది. సాధనకి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

నవ్వించాలంటే వెక్కిరించాలి కదా, మరి మనసు నొచ్చుకోదా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడ బ్రిటన్ నుంచి ఒక పేరు చెబుతాను. ‘గ్రేట్ పాప్ థింగ్స్’ అనే స్ట్రిప్‌ని కాలిన్ బి. మార్టన్ రాశాడు, చక్ డెత్ అనే మారుపేరుతో జాన్ లాంగ్‌ఫర్డ్ గీశాడు. ఈ లాంగ్‌ఫర్డ్ స్వయంగా సంగీతకారుడు, 1977లో లీడ్స్‌లో పుట్టిన ‘ద మీకన్స్’ బ్యాండులో వాద్యకారుడు. రాక్ చరిత్రని కావాలనే తప్పులతడకగా, ఏమీ ఎరగనట్టు చెప్పడం ఆ స్ట్రిప్ పద్ధతి. అసలు చరిత్ర ఎంత బాగా తెలిస్తే అంత సరిగ్గా తప్పు చెప్పగలరు. ఏళ్ల తరబడి ఆంప్లిఫయర్లు మోసిన మనిషి చేసే వెక్కిరింత వేరు, దూరంగా నిలబడి రాక్ అంటే ఒట్టి గోల అనేవాడి వెక్కిరింత వేరు. మొదటిదాంట్లో సంగీతకారులు కూడా పడిపడి నవ్వుతారు. మీరు దేన్ని ప్రేమిస్తారో దాన్నే పట్టుకోండి. దాని డాంబికం ఎక్కడుందో, దాని బలహీనత ఎక్కడుందో మీకే తెలుసు. ఇష్టం లేని విషయం మీద వేసిన జోకు ఈటెలా తగులుతుందే గానీ నవ్వు తేదు. ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం.

1997 జులైలో మొదలైన ‘జిట్స్’ కూడా ఈ ప్రేమ ఉన్న స్ట్రిప్పే. కథానాయకుడు జెరెమీ డంకన్ టీనేజి కుర్రాడు, గిటార్ వాయిస్తాడు, స్నేహితులతో బ్యాండు పెట్టాడు. లోకాన్ని తలకిందులు చేసేద్దామని అతని ఉత్సాహం. రిహార్సల్ మాత్రం అమ్మానాన్నల ఇంట్లో. నాన్న పళ్లు సరిచేసే డాక్టరు. ఈ స్ట్రిప్‌ని జెర్రీ స్కాట్ రాస్తే జిమ్ బోర్గ్‌మన్ గీశాడు. బోర్గ్‌మన్ అంతకుముందే రాజకీయ కార్టూన్లకి పులిట్జర్ అందుకున్నవాడు. అమ్మానాన్నల మనసుకి ఎలా తోస్తే కుర్రాణ్ణి అలాగే గీసేస్తాడు. సోఫా మీద ఎముకల్లేనట్టు వేలాడే ఒళ్లు, పడవలంత బూట్లు, తలుపు తీయడానికి వీల్లేకుండా పేరుకున్న బట్టలు. మాటల్లో మామూలు ఇంటి సంభాషణ నడుస్తుంటుంది, బొమ్మలో ప్రళయం. ఇద్దరు మనుషులు పని పంచుకుంటే ఒకరు చెప్పింది ఇంకొకరు మళ్లీ చెప్పరు. మన బాపు గీతా ముళ్లపూడి రాతా కలిసినచోట కూడా ఈ పంపకమే కనిపిస్తుంది. ‘బుడుగు’ని మళ్లీ తీసి, బొమ్మల్ని మూసి ఒకసారి, మాటల్ని మూసి ఒకసారి చూడండి.

ఇప్పుడు మనం గీద్దాం. నలుగురు కుర్రాళ్లు మేడమీద గదిలో బ్యాండు పెట్టారనుకోండి. బ్యాండు పేరు ‘ప్రళయం’. మొదటి గడిలో గాయకుడు మైకు పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, లావు అక్షరాల్లో “ఈ లోకం అంతమైపోతుంది!” అంటాడు. రెండో గడిలో నలుగురూ వాయిస్తుంటారు. జుట్లు నిటారుగా లేచాయి, కిటికీ రెక్కలు ఊగుతున్నాయి, అక్షరాలు గడి గోడలు బద్దలుకొట్టుకుని బయటికి పోతున్నాయి. మూడో గడి మొత్తం నలుపు. కరెంటు పోయింది. ఒక్క మాట లేదు. చీకట్లో నాలుగు జతల తెల్లటి కళ్లు. నాలుగో గడిలో ఏం రాయాలి?

చాలామంది మొదటి ప్రయత్నంలో “అయ్యో, కరెంటు పోయిందిరా!” అని రాస్తారు. నల్లగడి చెప్పినదాన్నే ఆ మాట మళ్లీ చెప్పింది, నవ్వు చచ్చిపోయింది. కొందరు ఇంకాస్త ఆలోచించి, “ఇదేరా అసలు ప్రళయం” అని గాయకుడి చేతే అనిపిస్తారు. కొంచెం నయం. కానీ పాఠకుడు తనంతట తాను కనిపెట్టబోతున్నదాన్ని పాత్ర ముందే లాగేసుకుంది. ఇప్పుడు గదిలోంచి బయటికి రండి. కింది వాటాలోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది: “ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే వేసుకోండిరా!” లోకం అంతమవుతుందని అరిచిన వీరులు, చీకట్లో అలాగే నాలుగు జతల కళ్లు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. ప్రళయం గురించి అమ్మకి తెలియదు, పిల్లలకి ఉక్కపోస్తుందని తెలుసు. ఆమె ఎవర్నీ వెక్కిరించలేదు. నవ్వు వచ్చింది, వెనకే కాస్త ఆప్యాయత కూడా వచ్చింది.

మూడో గడిని చూసి, నల్లగడి ఎందుకు వృథా, అమ్మ మాట అందులోనే రాసేద్దాం అని కొందరికి అనిపిస్తుంది. తీసేయకండి. మోతకీ మాటకీ మధ్య ఆ మౌనం ఉండాలి. రెండో గడిలో చెవులు బద్దలవ్వాలంటే మూడో గడిలో చెవులు దిమ్మెక్కాలి.

మాటని ఎక్కడ ఆపాలన్నది మన భాషలో ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. నవ్వు తెప్పించే ముక్క వాక్యం చివర పడితే దెబ్బ బాగా తగులుతుంది. తెలుగులో చివర సాధారణంగా క్రియ వస్తుంది. క్రియలోనే తమాషా ఉంటే ఇబ్బంది లేదు. నామవాచకంలో ఉంటే వాక్యాన్ని తిప్పాలి. “మా బ్యాండుకి మా బామ్మ డబ్బు పెట్టింది” అంటే తమాషా మధ్యలో నలిగిపోయింది. “మా బ్యాండుకి డబ్బు పెట్టింది మా బామ్మ” అంటే బామ్మ ఆఖర్న వచ్చి కూర్చుంది. బెలూన్‌లో వాక్యం రెండు వరుసలైతే ఆ ఆఖరి ముక్కని రెండో వరుసలో ఒంటరిగా పెట్టండి. రాసిన ప్రతి మాటనీ పైకి చదువుకోండి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరనిపిస్తే కొట్టేయండి. అక్షరాలు మీ చేత్తోనే రాయండి, కంప్యూటర్ అక్షరాలకి కోపం, గారాబం తెలియవు.

ఇదే పద్ధతిని మాట్లాడేచోట వాడి చూడండి. స్లైడు మీద ఆరు పాయింట్లు పెట్టి వాటినే పైకి చదివితే శ్రోతలు మీకంటే ముందే చదివేసి ఫోన్లు తీస్తారు. స్లైడు మీద ఒక ఫోటో పెట్టండి, లేదా ఒకే ఒక అంకె పెట్టండి. దాని వెనక కథ నోటితో చెప్పండి. కాలేజీ ఫేర్‌వెల్‌లో సీనియర్ పాత ఫోటో చూపించి “చూడండి ఎంత విచిత్రంగా ఉన్నాడో” అనకండి, అది అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ ఫోటో చూపిస్తూ, అతను మీకు అర్ధరాత్రి రికార్డు రాసిపెట్టిన సంగతి చెప్పండి. హాలు నవ్వుతుంది, ఆ సీనియర్ కళ్లు చెమరుస్తాయి. జోకు పేలాక మాత్రం దాన్ని వివరించకండి. ఎదుటివాళ్లు నవ్వేలోపు మీరే నవ్వేసినా వివరించినట్టే.

ఈ వారం మీరు ఇష్టపడే సంగీతం మీద నాలుగు గళ్ల స్ట్రిప్ ఒకటి గీయండి. మనుషుల్ని పుల్లల బొమ్మల్లా గీసినా సరే. అది రాక్ కానక్కర్లేదు, భజన బృందమో పెళ్లి బ్యాండు మేళమో అయినా పర్వాలేదు. గీశాక మాటల మీద చెయ్యి పెట్టి బొమ్మలు చూడండి, బొమ్మల మీద చెయ్యి పెట్టి మాటలు చదవండి. ఏ ఒక్కదానితోనైనా జోకు పూర్తిగా అర్థమైపోతే రెండోదాన్ని మార్చండి. తరవాత ఇంట్లో ఒకరి చేతిలో పెట్టి నోరు మెదపకుండా కూర్చోండి. వాళ్లు “ఇదేంటి?” అని అడిగితే జవాబు చెప్పకండి, కాగితం వెనక్కి తీసుకుని ఆఖరి గడి మళ్లీ గీయండి.